ఆటిజము గల మన బిడ్డల ఆరోగ్యము – సంఘము చేయదగిన సహాయము

(శతవార్షికోత్సవ సందర్భమున స్త్రీల మైత్రి, యువజనుల సంయుక్త సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



శతవార్షికోత్సవ సభలో మాట్లాడుమని పిలిచినప్పుడు గడచిన నూరేండ్ల చరిత్రను గూర్చి మాట్లాడుట వాడుక. ఆ పని మాకన్న పెద్దలు మాకన్న బాగుగా చేసియున్నారు. మాకిచ్చిన ఈ అరగంటలో ఒక చిన్న సంగతిని మీ యెదుట ఉంచగోరుచున్నాము. చిన్నదని యెందుకనుచున్నామనగా, అది పంటినొప్పి, రక్తపరీక్ష, జ్వరపు బిళ్ళ, సూదిమందు వంటి ప్రతి ఇంటి విషయములకు సంబంధించినది. అయితే మన సంఘములలో కొన్ని కుటుంబములకు ఈ చిన్న విషయములే కొండలై నిలిచియున్నవి. ఆటిజము గల బిడ్డలున్న కుటుంబములను గూర్చి మేము చెప్పుచున్నాము.

ఆటిజము అంటువ్యాధి గాదు, పిచ్చి గాదు. మెదడు ఎదుగుదలలో పుట్టుకతోనే యుండు ఒక భేదము. 1943లో అమెరికా దేశమున లియో కానర్ అను వైద్యుడు పదునొకండుగురు పిల్లలను పరీక్షించి దీనిని విపులముగా వర్ణించెను. ఆ తరువాత చాలకాలము, తల్లి ప్రేమ చూపనందున బిడ్డ ఇట్లయినాడని కొందరు పండితులే వ్రాసిరి. ఆ మాట తప్పని తేలినది. టీకాల వలన వచ్చునని 1998లో ఒక వైద్య పత్రికలో వ్యాసము వచ్చెను. 2010లో ఆ పత్రికయే దానిని రద్దు చేసెను. గనుక టీకాకు జడియవద్దు, తల్లిని నిందింపవద్దు. పుట్టు గ్రుడ్డివానిని చూచి ఎవరి పాపమని శిష్యులడిగినప్పుడు ప్రభువు ఆ ప్రశ్ననే త్రోసివేసినాడని మనకు తెలియును. అయినను ఆ ప్రశ్న ఇంకను మన వీధులలో తిరుగుచునే యున్నది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము 2021లో 127 మందిలో ఒకరికి ఆటిజము కలదు. ఐదువందల మంది గల సంఘములో సగటున సుమారు నలుగురు ఉండవలెను. మీ సంఘములో ఎందరున్నారో లెక్క చూచుకొనుడి. ఒక్కరును కనబడనియెడల, వారు లేరని కాక, ఆరాధనకు రాలేక ఇండ్లలో ఉన్నారని తలంచుట న్యాయము.

ఈ బిడ్డలలో కొందరు చక్కగా చదువుకొని ఉద్యోగములు చేయుదురు. కొందరికి మాట బహు తక్కువ, కొందరికి అసలే లేదు. ఎక్కువమందికి సామాన్యమైన సంగతి యేమనగా, లోకము వారి కన్నులకు, చెవులకు, చర్మమునకు మనకు తోచినట్లు తోచదు. ఆసుపత్రిని ఒకసారి వారి చెవులతో వినుడి. ట్యూబులైటు గుయ్యిమను శబ్దము, స్పిరిటు వాసన, చంటిపిల్లల యేడ్పు, పేరు పిలుచు మైకు, చేతిని బిగబట్టు బీపీ పట్టీ, ఛాతీమీద చల్లని స్టెతస్కోపు – ఇవన్నియు ఒక్కసారిగా మీదపడును. పైగా ఎప్పుడు పిలుతురో తెలియదు. "ఒక్క నిమిషం కూర్చోండి" అని నర్సమ్మ చెప్పును. మనకు ఆ మాటకు గంట అని అర్థము తెలియును. ఆ బిడ్డకు ఒక్క నిమిషమనగా ఒక్క నిమిషమే.

ఇక్కడ మా స్వంత తప్పిదము ఒకటి ఒప్పుకొనవలెను. పేర్లు చెప్పము. మేము పరిచర్య చేసిన ఒక సంఘములో పదునేడేండ్ల అబ్బాయి యుండెను. మాటలు పది పదునైదుకు మించి రావు. అయితే ఆదివారము ఉదయము గంట కొట్టుట అతనికి ప్రాణము. మేము తాడు అతని చేతికిచ్చుచుంటిమి. సరిగా ముప్పది కొట్లు కొట్టి, నవ్వి, తల్లి ప్రక్కకు పోయి కూర్చుండును.

ఒక వేసవిలో అతడు తన చెంపను తానే కొట్టుకొన మొదలుపెట్టెను. అన్నము త్రోసివేసెను. రాత్రులు నిద్రలేక ఇల్లంతయు తిరుగుచుండెను. "వయసొచ్చింది గదా, అందుకే" అని కొందరనిరి. గాలి సోకినదని, ఉపవాస కూటమునకు తీసికొనిపొమ్మని కొందరనిరి. మేమును ప్రార్థనచేసి, ఓర్చుకొనుమని తల్లితో చెప్పి వచ్చితిమి. చివరకు ఒక రాత్రి భరింపలేక తండ్రి మమ్మును పిలువగా ఆసుపత్రికి తీసికొనిపోతిమి. అక్కడ అతడు కేకలు వేసి బల్లనెక్కగా, శాంతించుటకు సూది వేయవలెననిరి. "ఏం కాదు బాబూ, చీమ కుట్టినట్టుంటుంది అంతే" అని ఒకరు బుజ్జగించిరి. మనము అందరము బిడ్డలకు చెప్పు మాటయే. ఆ బాబుకు చీమలనిన బహు భయము. చీమ యెక్కడ యని నేలంతయు వెదకి, బల్లక్రింద దూరెను. నలుగురము కలిసి పట్టుకొంటిమి. భుజములు పట్టినది మేమే. సూది పడినది, అతడు నిద్రపోయెను. పని అయినదని మేము ఇంటికి వచ్చితిమి.

ఆ తరువాతి ఆదివారము అతడు గంట దగ్గరకు రాలేదు. మేము వాకిట కనబడగానే తల్లి కొంగు చాటునకు పోయెను. మూడు వారములైన పిమ్మట తల్లి, అతడు నిద్రలోనున్నప్పుడు చెంప వాచియుండుట చూచి, టార్చి వేసి నోటిలోనికి చూచెను. క్రింది దవడ పన్ను పుచ్చి, చిగురు చీము పట్టియుండెను. "అయ్యగారూ, వాడు చెప్తూనే ఉన్నాడండీ. మనకే అర్థం కాలేదు" అని ఆమె అన్న మాట మేము మరువలేము. అతడు చెంప కొట్టుకొన్నది పంటినొప్పిచేత. మనమందరము దానిని వయస్సనియు, దయ్యమనియు, ఆటిజమనియు పేర్లు పెట్టితిమి. నోరు తెరచి చూచినవారు లేరు.

సహోదరులారా, ఇది మా సంఘములో మాత్రమే జరిగినది గాదు. ఆటిజము గలవారికి ఏ బాధ వచ్చినను దానిని ఆటిజము ఖాతాలో వేసివిడుచుట వైద్యలోకమంతట కనబడు పొరపాటు. ఇంగ్లండు దేశమున ఆలివర్ మెక్‌గవన్ అను పదునెనిమిదేండ్ల యువకుడు 2016లో మరణించెను. అతనికి ఆటిజము, మూర్ఛ ఉండెను. ఒక విధమైన మానసిక మందు తనకు పడదని అతడును, అతని తలిదండ్రులును చెప్పినను ఆసుపత్రిలో ఆ మందే ఇచ్చిరి. అతడు తిరిగి కోలుకొనలేదు. అతని తల్లి పట్టు విడువక పోరాడినందున, ఆటిజము గలవారిని ఎట్లు చూడవలెనో వైద్యసిబ్బందికి నేర్పుట ఆ దేశమున 2022 చట్టము ద్వారా తప్పనిసరియైనది. ఆ శిక్షణకు ఆలివర్ పేరే పెట్టిరి. తలిదండ్రుల మాట వినుట ఎంత పెద్ద సంగతియో దీనినిబట్టి గ్రహింపుడి.

గనుక మొదటి సూచన ఇది. మాటలు రాని బిడ్డ ప్రవర్తన అకస్మాత్తుగా మారినయెడల, శరీరములో నొప్పి యున్నదేమో ముందు చూడవలెను. పళ్ళు, చెవులు, గొంతు, కడుపు వరుసగా చూపించుడి. మలబద్ధకము ఈ బిడ్డలలో తరచుగా నుండును. కొన్ని వస్తువులే తినుట చేత అది హెచ్చగును. నిద్రలేమి కూడ సామాన్యమే. ఆడబిడ్డలకు నెలసరి నొప్పి ఉండవచ్చును. నెలసరి తేదీలను, కోపము వచ్చిన దినములను ఒకే కాగితముమీద గుర్తు పెట్టిన తల్లికి అనేక సంగతులు తెలియును. మూర్ఛ ఇతరులలో కంటె వీరిలో ఎక్కువ. యౌవనములో మొదటిసారి కనబడుటయు కలదు. ఒకచోటనే చూపు నిలిపి పిలిచినను పలుకక క్షణకాలము ఆగిపోవుట కూడ మూర్ఛ కావచ్చును. దానిని ఫోనులో వీడియో తీసి వైద్యునికి చూపుట మేలు.

మూర్ఛ మాట వచ్చినది గనుక, పాస్టరుగా ఒక మాట గట్టిగా చెప్పవలసియున్నది. ప్రార్థన జరిగినది, ఇక మందు అవసరము లేదని మూర్ఛ బిళ్ళలు మానిపించు అలవాటు కొన్ని కూటములలో కలదు. బిళ్ళలు ఒక్కసారిగా మానిన యెడల ఆగని మూర్ఛలు వచ్చి ప్రాణమునకే ముప్పు కలుగును. మనము ప్రార్థన చేయుదము. బిళ్ళను కూడ వేళకు చేతిలో పెట్టుదము. మానవలెనా, తగ్గింపవలెనా యన్నది వైద్యుడే చెప్పవలెను. బిళ్ళ మానుమని చెప్పువారిని మన వేదికల మీదికి రానీయకుండుట సంఘ పెద్దల బాధ్యత.

ఇక ఆ బాబు పంటి సంగతి. పట్టణములో ఒక దంతవైద్యురాలు ముందు చీముకు, నొప్పికి మందులిచ్చి, ఫోటో చూచి, "పది రోజులు టైమివ్వండి, తొందరపెట్టొద్దు" అనెను. తల్లి ఆ వైద్యశాల గుమ్మము, కుర్చీ, దీపము, వైద్యురాలి ముఖము ఫోనులో ఫోటోలు తీసికొని, వరుసగా అచ్చువేయించి, చిన్న పుస్తకముగా కుట్టెను. ప్రతి రాత్రి ఆ పుస్తకము అతనికి చూపెను. మొదటిరోజు గుమ్మమువరకు పోయి తిరిగి వచ్చిరి. రెండవసారి కుర్చీలో కూర్చుండి దిగెను. మూడవసారి వైద్యురాలు చిన్న అద్దమును ముందు తన నోటిలో, తరువాత తల్లి నోటిలో పెట్టి చూపి, పిదప అతని నోటిలో పదివరకు లెక్కించి తీసెను. పది అనగానే తీసెను, పదునొకటి అనలేదు. అదియే గొప్ప సంగతి. నాలుగవసారి ఉదయము తొమ్మిదింటికి, ఇతర రోగులు రాకముందే, చిగురునకు మత్తిచ్చి పన్ను తీసెను. బరువైన దుప్పటి అతని ఒడిలో ఉండెను, తండ్రి చేయి అతని చేతిలో ఉండెను. ఎవరును పట్టుకొనలేదు.

అందరికిని ఇంత సులువుగా జరుగదు. కొందరికి పెద్ద ఆసుపత్రిలో పూర్తి మత్తుమందు ఇచ్చియే చేయవలసి వచ్చును. అందులో తప్పు లేదు. అట్టి మత్తు ఇచ్చునప్పుడు అదే పూటలో రక్తపరీక్ష, చెవి పరీక్ష వంటివి కూడ చేయింపవచ్చునేమో వైద్యుని అడుగుడి. అయితే మార్గము మాత్రము ఒక్కటే: ముందు చెప్పుట, చూపుట, తరువాత చేయుట.

ఇంటిలో చేయదగిన సాధనలు కొన్ని కలవు. వారమునకొకసారి ఆటవలె నోరు తెరిపించి చూచుట, బొమ్మ చేతికి గుడ్డ చుట్టి బీపీ చూచుట, నాలుకక్రింద థర్మామీటరు పెట్టరాక పోయినను చంకలో పెట్టుట అలవాటు చేయవలెను. రక్తము తీయవలసినప్పుడు చర్మము మొద్దుబారు పూతమందు గంట ముందు రాయవచ్చునేమో వైద్యుని అడుగుడి. నొప్పి ఉండదని అబద్ధము చెప్పవద్దు. "కొంచెము నొప్పిగా ఉంటుంది, ఐదు లెక్కపెట్టేలోపు అయిపోతుంది" అని చెప్పి, ఐదింటిలోపు ముగింపవలెను. ఒకసారి అబద్ధమాడిన నోటిని ఈ బిడ్డలు మరల నమ్మరు.

తల్లి చేతిలో ఒక పుట కాగితము ఎల్లప్పుడు ఉండవలెను. బిడ్డ పేరు, వాడు మందులు, పడని మందులు, నొప్పి వచ్చినప్పుడు ఏమి చేయును, దేనికి భయపడును, దేనితో శాంతించును, ఎట్లు మాటలాడవలెను – ఇంతే. రాత్రివేళ కొత్త వైద్యుని యెదుట అలసిన తల్లి నోట మాట రాదు, కాగితము మాటలాడును. మన యువజనులారా, మీకు కంప్యూటరు వచ్చును. ఒక్కొక్క కుటుంబమునకు ఈ కాగితము చక్కగా తెలుగులో, ఇంగ్లీషులో తయారుచేసి ఇచ్చుట మీరు ఒక్క సాయంకాలములో చేయగల పని.

చట్టము కూడ మన పక్షమున నున్నది. 2016 వికలాంగుల హక్కుల చట్టములో ఆటిజమును స్పష్టముగా చేర్చిరి. వైద్యశాలలలో వీరికి చూచుటలోను, చికిత్సలోను ప్రాధాన్యము కలుగజేయవలెనని ఆ చట్టము 25వ విభాగము చెప్పుచున్నది. గనుక "మా బాబును ముందు చూడండి" అని అడుగుట బిచ్చమడుగుట గాదు. 1999 నేషనల్ ట్రస్టు చట్టము క్రింద నిరామయ అను ఆరోగ్య బీమా కలదు. ఏటికి లక్ష రూపాయల వరకు ఖర్చులకు అది తోడ్పడును. బిడ్డకు పదునెనిమిదేండ్లు నిండిన పిమ్మట అవసరమైనచో తలిదండ్రులు చట్టరీత్యా సంరక్షకులుగా నియమింపబడుటకు జిల్లా కలెక్టరు ఆధ్వర్యములోని స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టవలెను. సికిందరాబాదు మనోవికాస్ నగరులో 1984లో స్థాపింపబడిన జాతీయ సంస్థ ఇట్టి బిడ్డల పరీక్షకు, శిక్షణకు మన భాషవారికి దగ్గరలోనున్న ఆశ్రయము. ఈ కాగితముల పనికి తిరుగుటకు కూలి మానుకొనలేని తండ్రులెందరో కలరు. మనలో విశ్రాంత ఉద్యోగులున్నారు. కార్యాలయముల మర్మము వారికి తెలియును. ఒక ఫారము నింపి, ఒక దినము వెంట పోయినయెడల అది గొప్ప పరిచర్య.

తలిదండ్రుల ఆరోగ్యమును గూర్చి ఒక మాట. ఆ తల్లిని మేము ఒకనాడు, "అమ్మా, మీ బీపీ ఎప్పుడు చూపించుకొంటిరి?" అని అడిగితిమి. "వీణ్ణి ఎవరి దగ్గర వదిలి వెళ్ళనండీ?" అనెను. నాలుగేండ్లు చూపించుకొనలేదు. వివాహములకు పోదు, తన పుట్టింటికి పోదు. అప్పుడు స్త్రీల మైత్రిలో ఇద్దరు అక్కలు, గురువారము మధ్యాహ్నము రెండు గంటలు ఆ ఇంట కూర్చుండుటకు ఒప్పుకొనిరి. మొదటి నెల ఆ తల్లి ఇంటిలోనే ఉండి, బాబుకు ఏమి ఇష్టమో, ఏది గిట్టదో వారికి నేర్పెను. రెండవ నెలనుండి ఆమె గడప దాటెను. బీపీ హెచ్చుగానున్నదని తెలిసి ఇప్పుడు బిళ్ళ వేసికొనుచున్నది. ఆ ఇంటిలోని చెల్లెలికి కూడ ఆ రెండు గంటలు తల్లి దొరకినది. దీనికి కానుకల పెట్టెలోనుండి ఒక్క రూపాయియు ఖర్చు కాలేదు.

ఇట్లు ఒక్కొక్కరికొరకు పద్ధతి మార్చుకొనుట క్రొత్త సంగతి యని కొందరు తలంతురు. మనవారు వైద్యమునకు పోవు వేలూరు ఆసుపత్రి ఎట్లు పుట్టినదో జ్ఞాపకము చేసికొనుడి. ఒకే రాత్రి ముగ్గురు స్త్రీలు ప్రసవవేదనలో నుండగా, పురుష వైద్యుడు చూడరాదని వారి ఇంటివారు నిరాకరించిరి, ముగ్గురును చనిపోయిరి. అది చూచిన ఐడా స్కడ్డర్ అను యువతి, మీ ఆచారము మార్చుకొనుడని వారికి ఉపన్యాసము చెప్పలేదు. తానే అమెరికాలో వైద్యము చదివి 1900లో వేలూరునకు తిరిగి వచ్చెను. ఒక్క పడకతో ఆరంభించెను. గడప దాటలేనివారికొరకు గడపనే తగ్గించుట మన మిషను ఆసుపత్రుల మూలములోనే యున్నది. అంతకన్న ముందు, చెవిటివాడును నత్తివాడునైన ఒకని ప్రభువు స్వస్థపరచినప్పుడు, అతనిని జనసమూహమునుండి ప్రక్కకు తీసికొనిపోయి, అతనికి అర్థమగునట్లు చెవులను, నాలుకను ముట్టి చూపెను. గుంపు మధ్య కేకలు వేయలేదు. ఈ సంగతిని మేము ఎన్నోసార్లు ప్రసంగించితిమి గాని, ఆ అబ్బాయి భుజములు పట్టుకొన్న రాత్రి అది మాకు జ్ఞాపకమునకు రాలేదు.

కాబట్టి ఈ శతవత్సరమున మన ప్రతి సంఘమును మూడు పనులు చేయవలెనని మనవి చేయుచున్నాము. ఒకటి, ఇట్టి బిడ్డ ఉన్న ప్రతి ఇంటికి ఇద్దరిని తోడుగా ఏర్పరచుడి. ఆసుపత్రికి పోవు దినమున ఒకరు వరుసలో నిలుచుండగా, ఒకరు బిడ్డతో బయట చెట్టునీడన ఉండవచ్చును. రెండు, మన మిషను ఆసుపత్రులలో, మన వైద్య శిబిరములలో మొదటి గంటను, ఒక నిశ్శబ్దమైన గదిని వీరికి కేటాయించుడి. మూడు, ఆరాధనలో ఆ బిడ్డ లేచి తిరిగినను, శబ్దము చేసినను, వెనుకకు తిరిగి చూడకుడి. గుడిలో ఓర్చినవారినే ఆ తల్లి ఆసుపత్రికి తోడు పిలువగలదు.

ఆ బాబు యేమాయెనని మీరు అడుగవచ్చును. మేము అతని ఇంటికి పోయి, అరుగుమీద కూర్చుండి, క్షమించుమని చెప్పితిమి. అతనికి ఎంత అర్థమైనదో మాకు తెలియదు. ఆ తరువాత ఆదివారములలో మేము గంట తాడును కట్టకుండ వదలి, దూరముగా నిలుచుండుచుంటిమి. ఏడు నెలలు వేరొకరు కొట్టిరి. ఆగమన కాలపు మొదటి ఆదివారమున అతడు మా ప్రక్కనుండియే నడచిపోయి తాడు పట్టుకొనెను. ముప్పది కొట్లు. మావైపు చూడలేదు, నవ్వలేదు. పోయి తల్లి ప్రక్కన కూర్చుండెను. మాకు అది చాలును.

ఇట్టి బిడ్డలు మన మధ్య నిర్భయముగా నడచుటకును, వారి తలిదండ్రులు ఒంటరిగా ఏ ఆసుపత్రి వాకిటను నిలువకుండుటకును దేవుడు మన చేతులకు నేర్పును, మన నోళ్ళకు సత్యమును దయచేయును గాక. ఆమేన్.